తొలి పలక మీద నీళ్లు

మా దీవిలో బతు బస్తీ దగ్గరి రంపపు మిల్లులో ఒక మేస్త్రి ఉండేవాడు. ఏ దుంగ కోసినా సరే, తొలి పలక విడిపోగానే మిషను ఆపేసి, తను తాగే నీళ్ల సీసా దాని మీద ఒంపేవాడు. తడిస్తేనే చెక్క అసలు రంగు తెలుస్తుందట.

గాలివానకు ప్రోతరాపూర్‌లో మా పెరటి చెట్టు కూలింది. దుంగ గొడ్డలికి లొంగలేదు. ఫారెస్టు వాళ్ల కాగితం తెచ్చుకుని మిల్లుకి చేర్చాం. పైకి బూడిదరంగులో, ఎందుకూ పనికిరానట్టుంది.

"పొయ్యిలోకి ముక్కలు చేసెయ్యండి భయ్యా" అన్నాను.

"రుకో దీదీ! ఒక్క పలక చూడనీ."

రంపం కీచుమంది. పలక విడింది. నీళ్లు పడగానే నల్లటి చారలు అలల్లా లేచాయి. మా దీవుల్లో దొరికే ఖరీదైన కలప, మార్బుల్ వుడ్!

"అరే దేఖో! అందరూ రండర్రా!" అన్న ఆయన కేకకి టీకొట్టతను గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. దీన్నా నేను తగలబెట్టబోయింది!

ఆ చెక్కతో మా తెలుగు చర్చికి పుల్పిట్, అంటే ప్రసంగ పీఠం, చేయించాం. ప్రతిష్ఠ రోజు మేస్త్రి కూడా వచ్చాడు. ప్రార్థనకు అందరం కళ్లు మూసుకున్నాం. ఉండబట్టలేక నేనొక కన్ను తెరిచాను. ఆయన రెండు కళ్లూ తెరుచుకుని పుల్పిట్‌నే చూస్తున్నాడు. చేతిలో నీళ్ల సీసా. మూత తీసే ఉంది.