చూస్తే తుప్పు పడుద్ది

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేం కాదు. హైదరాబాదులో ఓ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరి, నాకు తెలియనిదంటూ ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టిగా నమ్ముతున్న రోజులు. నీళ్ళలో ఉన్న ఇనుము ఎట్లా తుప్పు పడుతుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడటం నా పని. (నరసరావుపేటలో ఈ ముక్క చెప్తే "అంతేనా?" అన్నట్టు చూసేవాళ్ళు. మా పేటలో తుప్పు చూడాలంటే ఏ పంపు కిందైనా తలొంచితే చాలు మరి.) మా మామూకి మాత్రం, అంటే మా అమ్మ తమ్ముడికి, నా చదువంటే మహా గౌరవం. ఆయన ఇనపరేకుతో ఎయిర్ కూలర్లు చేసి అమ్మేవాడు. మా ఎండలకి అవి బ్రహ్మాండంగా పోయేవి, మరుసటేడు అడుగు తుప్పు పట్టి, చిల్లులు పడి అంతే బ్రహ్మాండంగా తిరిగొచ్చేవి. "ఆ తుప్పు సంగతేందో నువ్వే తేల్చాలే తల్లీ, రొంపిచెర్లోళ్ళ తిట్లు తినలేక చస్తన్నా" అనేవాడు.

తేల్చడం అంత తేలికా? మైక్రోస్కోప్ లోపల గాలి కూడా ఉండకూడదు, ఇక నీళ్ళంటే దానికి ప్రాణభయం. అందుకని రెండు సన్నటి పొరల మధ్య నీటిబొట్టుని బంధించి, అందులో ఇనుప నలుసు పెట్టి, పొర పగలకూడదని దువా చేసుకుంటూ లోపలికి పంపాలి. పగిలితే యంత్రం పాడు, దాంతోపాటు మన చదువూ. ఆ యంత్రం మీద నా వంతు స్లాట్ కోర్టు వాయిదాలా జరిగి జరిగి చివరికి ఎట్లాగో దొరికింది. తెర మీద నలుసు కనపడింది. కనపడుతుండగానే దాని అంచులు, వేడి టీలో ముంచిన బిస్కెట్టులా, విరిగి కరిగిపోయాయి! ఇంత వేగంగా కరగడం ఏ పుస్తకంలోనూ లేదు. అంటే పుస్తకాలన్నీ తప్పు, నేను ఒప్పు. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఊళ్ళో లేని మా గైడ్‌కి ఫోన్ చేస్తే "నేనొచ్చాక చూద్దాంలేమ్మా" అన్నారు. (అసూయ అనుకున్నాను.) వెంటనే మామూకి ఫోన్ చేశాను.

"మామూ, తుప్పు రహస్యం దొరికింది!"

"ఏందే, నిజమా?"

వారం తిరక్కముందే మా సందు మొగలో ఫ్లెక్సీ లేచింది: 'తుప్పు అంతు తేల్చిన మన పేట ఆడబిడ్డ'. అందులో నాది ఇంటర్ హాల్‌టికెట్ ఫోటో, దానికి రెండింతల సైజులో చేతులు కట్టుకుని మామూ.

ఈలోపు మా గైడ్ వచ్చారు. వీడియో అంతా ఓపిగ్గా చూసి, "ఎలక్ట్రాన్ బీమ్ ఆపి చూశావా?" అన్నారు.

"బీమ్ ఆపితే ఏమీ కనపడదు కద్సార్?"

"అందుకే అడుగుతున్నా."

కొత్త బొట్టు పెట్టాం. ఒక్క క్షణం చూసి బీమ్ ఆపేశాం, మొదటి నలుసు కరగడానికి పట్టినంతసేపూ ఆగి మళ్ళీ చూశాం. నలుసు కొత్తల్లుడిలా కదలకుండా మెదలకుండా అట్లాగే కూర్చుని ఉంది. మన ఎలక్ట్రాన్ల దెబ్బకి నీళ్ళే విరిగి, ఆ విరిగిన నీళ్ళు ఇనుముని కొరికేస్తాయట. నేను కనిపెట్టిన మహా వేగం నీళ్ళదీ కాదు, ఇనుముదీ కాదు. నేను చూడటం వల్ల వచ్చింది.

"మామూ, ఆ ఫ్లెక్సీ తీసెయ్" అన్నాను ఫోన్లో. "నేను చూడబట్టే తుప్పు పట్టింది. చూడకపోతే పట్టలా."

అంతలో అవతల మా నానీ, అంటే మా అమ్మమ్మ, ఫోన్ లాక్కుంది. "నజర్! దిష్టి! నేనెప్పటి నుంచో మొత్తుకుంటన్నా, ఇంటారా ఎవరన్నా? ఇప్పుడు పిల్ల మిషన్లో చూసి చెప్పింది!" వెనక నుంచి మామూ గొంతు, చానా సంతోషంగా: "ఫ్లెక్సీ ఎందుకే తీసేది?"

ఎండాకాలం సెలవుల్లో ఇంటికెళ్ళి మామూ కొట్లో కూర్చుంటే, నూజెండ్ల నుంచి ఒకాయన వచ్చి కొత్త కూలర్లోకి తొంగి తొంగి చూస్తున్నాడు.

"అట్టా తేరిపార చూడమాకన్నా" అన్నాడు మామూ. "చూపుకి ఇనుము తుప్పు పడుద్ది. మా పిల్ల హైదరాబాదులో తేల్చింది. కావాలంటే అడుగు, ఇక్కడే ఉంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఒకపక్క సైన్సు, ఒకపక్క నాకు ఫీజులు కట్టిన మేనమామ. "అది ఎలక్ట్రాన్ చూపుకేనండీ" అన్నాను నసుగుతూ.

"మా బోటోళ్ళ చూపుకి పట్టదా అమ్మా?"

"పట్టదండీ."

ఆయన ఆటోలోంచి తన పాత కూలర్ దింపి, అడుగున చేయి దూరేంత చిల్లు చూపించాడు. "మరి దీన్నెవరు చూసినట్టమ్మా?"

మామూకి ఉన్నట్టుండి టీ తేవాలని గుర్తొచ్చింది.

తర్వాత నా థీసిస్‌లో సగం, ఇనుముకి హాని చేయకుండా ఎంత తక్కువ బీమ్‌తో చూడొచ్చు అన్నదే. ప్రపంచం ఊగిపోలేదు, డిగ్రీ మాత్రం వచ్చింది. అసలు తుప్పు చానా నిదానం. అంచున ఎక్కడో చిన్న గుంట పడి, అక్కణ్ణుంచి పాకుతుంది. ఇప్పుడు అది కనపడితే తిప్పి తిప్పి సరిచూసుకుని, ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళి అన్నం తింటాను. పెద్దరికం అంటే ఇదేనేమో. ఆ మొదటి స్లాట్ నాటి పిల్లకి పాపం ఇనుము గురించీ తెలియదు, నీళ్ళ గురించీ తెలియదు. కానీ ఆ రోజు ఆ కుర్చీలోంచి ఆ పిల్ల ఎగిరినంత ఎత్తు నేను మళ్ళీ ఎప్పుడూ ఎగరలేదు.