సెల్లారులో పెట్రోలు వాసన

ఎవరైనా "కుదరదు" అంటే భాగ్యశ్రీ చెప్పులు విప్పి స్థిమితంగా కూర్చుంటుంది. వాదన తేలేదాకా లేవదని చిక్కడపల్లిలో ఆ అపార్ట్‌మెంటు వాళ్లందరికీ తెలుసు. గ్రూప్స్ రాయడానికి ఊరి నుంచి వచ్చింది. ఉద్యోగం రాలేదు, ఆమె తిరిగి వెళ్లలేదు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. నలభై దాటింది. పెళ్లి గురించి అడిగితే "మీదెట్ల నడుస్తున్నది?" అని ఎదురడుగుతుంది.

ఆమె సెల్లారులో కారు కడుతోంది. ఇనుప గొట్టాల చట్రం, తుక్కుకు పోతున్న కారు నుంచి తెచ్చిన ఇంజను, రెండు సీట్లు. రోడ్డెక్కించడానికి కాదు. ఊరవతల ఒక ప్రైవేటు మైదానంలో సొంతంగా కట్టిన కార్లకు బురద పందెం పెడతారు. ముందు తనిఖీ, తర్వాతే పందెం.

గొడవ పెట్రోలు వాసనతో మొదలైంది. అసోసియేషన్ అధ్యక్షుడు దక్షిణామూర్తి గారు, బ్యాంకులో రిటైరైన మనిషి, మీటింగు పెట్టారు.

"అమ్మా, పైన ఇన్ని కుటుంబాలున్నాయి. కింద నువ్వు బాంబు కడుతున్నావు. తీసేయ్."

"వాసన నా బండిది కాదు సార్. మీ స్కూటర్ జర చూసుకోండ్రి."

"నా స్కూటర్‌కి నీకంటే వయసెక్కువ. ఏనాడూ కంపు కొట్టలేదు."

అందరూ నవ్వారు. చివరికి ఒక మాట తేలింది: ఆదివారం తనిఖీలో గట్టెక్కితే కారు సెల్లారులో ఉంటుంది, లేకపోతే తుక్కుకు పోతుంది. వేరే చోటు లేదని తెలిసీ ఆమె "కానియ్యండ్రి" అంది.

మర్నాడు కారు కింద దూరి పెట్రోలు పైపును వేళ్లతో తడిమింది. తడి తగిలింది. ఎక్కడా చిల్లు లేదు. రబ్బరే మెత్తబడి, చెమటలా ఊరుతోంది. చవగ్గా వచ్చిందని కొన్న పాత సరుకు అది. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు తాళలేదు. వాసన తన బండిదే. ఆ నిజం మింగుడుపడటానికి ఆమెకు రెండు చాయ్‌లు పట్టాయి.

ట్యాంకు ఖాళీ చేసి, కోఠి దగ్గర విడిభాగాలమ్మే జగదీశ్వర్ దుకాణానికి వెళ్లింది.

"గింత పరేషాన్ ఎందుకక్కా? మీద స్టీలు జాలీ తొడుగెయ్యి. తళతళ మెరుస్తది. చెక్ చేసెటోడు మెరుపే చూస్తడు."

"లోపల రబ్బరు?"

"లోపల ఎవడు చూస్తడక్కా?"

"నేను చూసిన కదా."

"పోనీ, అద్దం లెక్క తెల్ల పైపెయ్యి. పెట్రోలు పోయేది కనబడ్తది."

"నాకు సినిమా వద్దన్నా. వేడికి గట్టిపడి పగుల్తది."

ఇథనాల్ పెట్రోలుకూ, తన ఇంజను ఒత్తిడికీ తగినదని మీదే అచ్చు వేసి ఉన్న పైపు దొరికేదాకా ఆమె కదల్లేదు. ట్యాంకు నుంచి ఇంజను దాకా స్టీలు గొట్టం వేసింది. ఇంజను అదురుతుంది కాబట్టి రెండు చివర్లా మాత్రం కొద్దిగా రబ్బరు. దాన్ని కోయని క్లిప్పులు. సైలెన్సరుకు దూరంగా అంతా చట్రానికి బిగించింది.

ఆదివారం మైదానంలో తనిఖీ చేసే మనిషి టార్చి వేసి అచ్చు చదివాడు, పైపు లాగి చూశాడు. ఇంజను నడిపించి, ప్రతి అతుకునూ తెల్ల కాగితంతో తుడిచాడు. కాగితం తెల్లగానే ఉంది. పక్క కారు పైపు మీద మెరిసే స్టీలు అల్లిక, అదే జాలీ, ఉంది. దాన్ని వెనక్కి జరిపి, కింద రబ్బరు తడిగా ఉండటం చూసి, ఆ కారును పందెం నుంచి తప్పించాడు.

పందెంలో భాగ్యశ్రీ కారు రెండో గుంతలోనే కూరుకుపోయింది. అది వేరే సంగతి.

సాయంత్రం డీసీఎం వ్యానులోంచి కారు దించుతుంటే దక్షిణామూర్తి గారు గేటు దగ్గరే ఉన్నారు.

"పాసైన సార్. ఇంకో మాట. ఆనాటి వాసన నా బండిదే."

"చూశావా! మరి కాదని వాదించావేం?"

"మీరు బండి తీసెయ్యమన్నరు. పైపు తీసెయ్యమంటె వింటుంటి."

ఆయన పంచె ఎగ్గట్టి, కారు పక్కన వంగి, రెండుసార్లు గట్టిగా పీల్చారు.

"బురద కంపు," అన్నారు లేస్తూ. "కడుక్కో."

"రేపు కడుగుత సార్," అని ఆమె కారును తన చోటికి నెట్టుకుంటూ పోయింది.