గడ్డి కుక్కిన గంట

నిరుడు వేసవి. తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు వెనక ఒక ఆన్‌లైన్ సెంటర్లో నాకు పని. కుల ధ్రువపత్రాలు, పట్టా నకళ్ళు, పెన్షన్ దరఖాస్తులు. ఎప్పుడో ఒకసారి గ్రీవెన్స్ వస్తుంది; అంటే విదేశంలో చిక్కుకున్న మనవాళ్ళ కోసం రాయబార కార్యాలయానికి పెట్టే ఫిర్యాదు. మనుషులతో మాట్లాడటం నాకు కష్టం, ఫారాలతో సులువు. ఇది ఆ రోజుల డైరీ చూసి రాస్తున్నాను.

నల్లంపల్లి దగ్గరి పల్లె నుంచి మునెమ్మక్క వచ్చింది. మేకలు మేపే కుటుంబం, ఇంట్లో మాలాగే తెలుగు. ఆమె భర్త గోవిందు ఒక గల్ఫ్ దేశంలో మేకల కాపరి. ఆ దేశం పెద్దదేమీ కాదు. ఇరుగుపొరుగు అందరితో స్నేహంగా ఉంటూనే ఒక అగ్రరాజ్యపు యుద్ధవిమానాలకు తన ఎడారిలో చోటిచ్చింది. గోవిందు ఉండే దొడ్డి ఆ స్థావరపు కంచె పక్కనే.

"వాళ్ళ విమానాలు ఈడుండంగా మనల్ని ఎవురు తాకుతారు అంటాడంట మొదలాళి," అంది అక్క, యజమాని గురించి. "దొడ్డి వాకిట్లో రెండు దేశాల జెండాలూ కట్టినాడంట. మేకలు నమిలేస్తాయి, ఇంకా పైకి కట్టు సామీ అన్నాడంట మా ఆయన."

ఒక మధ్యాహ్నం ఆ విమానాలన్నీ లేచి వెళ్ళిపోయాయి. అగ్రరాజ్యానికి పక్క దేశంతో తగువు ముదిరింది. క్షిపణులు ఆ కంచె మీదికే వస్తాయని వార్తలు. యజమాని కుటుంబంతో ఊరు విడిచాడు. గోవిందు గొంతు మళ్ళీ వినపడలేదు.

అక్క ఫోన్లో అతని నంబరు నుంచి వచ్చిన ఐదు వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఉన్నాయి, రోజుకొకటి. మొదటిది పెట్టాను. గాలి. రెండోదీ గాలే, సగంలో ఆపేశాను. ఫోను నిండిపోయి, ఫిర్యాదుకు కావలసిన గోవిందు పాస్‌పోర్టు ఫోటో ఎక్కడం లేదు. పనికిరానివన్నీ తుడుస్తూ, ఖాళీవే కదా అని పాతవి నాలుగూ తీసేశాను. ఫిర్యాదులో "ఏ సమాచారమూ లేదు" అని రాశాను.

మూడో రోజు జవాబు వచ్చింది. అలాంటి మనిషి దొడ్డిలో లేడని యజమాని చెప్పాడట. స్టేటస్: క్లోజ్డ్. ఫైలు మూసేశారన్నమాట.

అక్క ఏడవలేదు. "మిగిలిందాన్ని పెద్దగా పెట్టు పాపా. నా ఫోన్లో సరిగ్గా వినపడదు."

కంప్యూటర్ స్పీకర్‌కు కలిపి, ఫ్యాన్ ఆపాను. గాలి. చాలా దూరంగా మేక గంట. మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎవరో గొంతు నొక్కినట్టు మొద్దుబారి ఆగింది.

"గంటకు గడ్డి కుక్కినాడు," అంది అక్క.

"ఏంటక్కా?"

"ఒకరి చేను పక్కన మందను తోలేటప్పుడు సద్దు రాకుండా మావోళ్ళు అట్లే చేస్తారు. బతికుండాడు పాపా! దాంకొని పోతాండాడు. మంద ఎంట ఉంటే నీళ్ళ దిక్కే పోతాడు. రోడ్డు పక్క బావి ఉందని చెప్పినాడు ఒకసారి."

ఫైలు తెరిపించి, ఆ మాటలే రాసి, మెసేజ్ జతచేశాను. తొమ్మిది రోజులకు గోవిందు ఆ బావి దగ్గరే దొరికాడు.

ఊరికొచ్చాక ఇద్దరూ సంచెడు మామిడికాయలు తెచ్చారు. "మీవి నాలుగు మెసేజ్‌లు తుడిచేశానన్నా," అని ఒప్పుకున్నాను.

"నేను పంపింది ఆ చివరిది ఒక్కటేమ్మా. తుపాకుల జీపులు తిరగతాంటే మాట్లాడేదానికి భయమేసింది. ఈమెకు గంట చాలులే అనుకున్న్యా."

"మరి ముందువి?"

"అప్పుడు ఫోను నా దగ్గర లేదు. నాతో మేపే ముసలాయన, తప్పిపోయిన మేకల్ని వెతికేదానికి దాన్ని తీసుకొని పోయినాడు. మన భాష రాదు ఆయనకు. తెరిస్తే కనపడేది ఈమె పేరే. ఐదో దినం ఫోను ఇసకలో దొరికింది. ఆయన దొరకలేదు."

సంచి ముడి విప్పుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

ఆయనది ఏ దేశమని అడిగాను. గోవిందన్నకు తెలియదు. ఏ రాయబార కార్యాలయానికి రాయాలో నాకూ తెలియదు.

ఇప్పుడు ఎవరు ఖాళీ మెసేజ్ తెచ్చినా ఫ్యాన్ ఆపి చివరిదాకా వింటాను. "ఏ సమాచారమూ లేదు" అని రాయడం మానేశాను. అక్క మొదటిసారి వచ్చిన రోజు డైరీలో ఒక వాక్యం ఉంది: రెండో మెసేజ్ ఆపేస్తున్నప్పుడు, మాట్లాడబోయే ముందు ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది.