డిప్ప మీద నూనె

మా గుడి వెనక తడికల ఆవరణలో ఇరవై దాకా తాబేళ్ళున్నాయి. పొలాల్లో దొరికినవాటిని జనం కూర్మావతారమని తెచ్చి వదిలిపోయారు. మేత వేయడం, ఊడవడం నా పని. ఇప్పుడు నాకు వంగి లేవడమే పెద్ద పని.

శనివారం శనివారం వాటి డిప్పలు తుడిచి, నువ్వులనూనెలో పసుపు కలిపి రాసేదాన్ని. మా అత్త చేసినట్టే నేనూ చేశాను. డిప్పల మీది గీతలు మెరిసేవి. వచ్చినవాళ్ళు దండం పెట్టి అరటిపండో, పులిహోరో వేసేవారు. అవి ఆబగా తినేవి.

నిరుడు వాటిలో అరచేయంత పిల్ల ఒకటి నడవడం తగ్గించింది. ఎత్తి చూస్తే డిప్ప నా బొటనవేలికి లొంగింది. ఎండకే మెత్తబడిందనుకున్నాను. సామాన్ల గదిలో గోనె మీద పెట్టి, శనివారం దాకా ఆగకుండా రోజూ నూనె రాశాను. పది రోజులకి కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది.

ఊళ్ళో గేదెలు చూడడానికొచ్చిన పశువుల డాక్టరుని బతిమాలి తీసుకొచ్చాను.

"ఎండలో ఎందుకు పెట్టలేదమ్మా?"

"మెత్తగున్నాది కదా బాబూ, ఇంకా కరిగిపోతాదనీసి."

ఆయన నవ్వలేదు. డిప్ప కూడా ఎముకేనన్నాడు. దానికి కాల్షియం కావాలట. ఎండ తగలకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదట. అన్నంలో, అరటిపండులో అది చాలినంత లేదట. ఏం చేయాలో, ఏం చేయకూడదో కాగితం మీద రాసిచ్చాడు. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. కూడబలుక్కుని చదివాను. నూనె మొదలుకుని ఇన్నేళ్ళూ నేను చేసినవన్నీ 'వద్దు' అన్న మాట కింద ఉన్నాయి.

పెట్టమని రాసిన మునగాకు, గరిక, మందారాకులు పెరట్లోనే దొరికాయి. కాల్షియం కోసం రాసిన సముద్రపు నురుగు, అంటే ఒక సముద్రజీవి తెల్లటి ఎముక, మాత్రం ఒడ్డున ఏరుకోవాలి. మా చెల్లిని సముద్రపొడ్డున భావనపాడు ఇచ్చాం. దానికి ఫోన్ చేశాను. వారం తిరక్కుండా సంచీతో దిగింది.

"ఇదిగో అప్పా, ఏరుకొచ్చీసినాను. మీ మరిది ఒకటే నవ్వు. మీ అప్పకి సేపలు దొరకనేదా, ఎముకలు తింతన్నాదా అని."

ఆ ఎముకని గోటితో గీకి, రాలిన పొడిని ఆకుల మీద చల్లి పెడుతున్నాను.

'అన్నం, పళ్ళు వేయకండి' అని అట్ట మీద రాసి తడికకి కట్టాను. మొక్కు తీర్చుకోడానికి వచ్చిన ఒకావిడ చదివి, నాకేసి తిరిగింది.

"ఎవులు రాసినారిది?"

"నేనేనమ్మా."

"నువ్వు రాసినావని దేవుడు పస్తుండాలేటి?"

"మునగాకెట్టు తల్లీ. అదీ పెసాదమే."

"ఆకులు మేకలకెడతారు."

పులిహోర పెట్టే వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగాక కూర్చుని మెతుకు మెతుకూ ఏరాను. రోజూ ఎవరో ఒకరు ఇలాగే. వాదించే ఓపిక పోయింది, ఏరడమే సులువు.

పిల్లని పొద్దుటెండలో వదులుతున్నాను. రోజూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తాను. అంచులు గట్టిపడ్డాయి. నడుమ ఇంకా కాస్త లొంగుతోంది. బతికినా డిప్పకి వచ్చిన గూని పోదని డాక్టరు ముందే చెప్పాడు.

శనివారం వస్తే చెయ్యి నూనె సీసా దగ్గరికి దానంతటదే పోతుంది. వెనక్కి తీసుకుని, తడిగుడ్డతో తుడుస్తాను. పిల్ల ముందు ఆకు పెట్టి, అది మొదటి ముక్క కొరికేదాకా పక్కనే కూర్చుంటాను. నేను లేవడానికి ఎలాగూ అంత సేపు పడుతుంది.