ధ్రువుడు ఉండవలసిన చోటు

కాణిపాకం దాటాక బస్సు ఆగిపోయింది. అప్పుడే చీకటి పడింది. రోడ్డు పక్కన నిలబడి ఫోనులో నక్షత్రాల పటం చూస్తుంటే, తోటి ప్రయాణికుడైన ఒక పురోహితుడు దగ్గరికి వచ్చాడు.

“అబ్బాయ్, ధ్రువ నక్షత్రం యాడుండాదో చూపిస్తావా? ముప్పై ఏండ్లుగా పట్టపగలు పెండ్లికూతుర్లకు ఆకాశంలోకి వేలు చూపిస్తా ఉండాను. కనపడిందా అంటే అందరూ కనపడిందంటారు. నేనే ఎప్పుడూ చూడలేదు. ఎల్లుండి మా తమ్ముని బిడ్డ పెండ్లి నేనే చేయించాల. అది సైన్సు చదివింది. ‘యాడ పెద్దనాయనా?’ అని నిలదీస్తుంది. దానికాడ అబద్ధమాడలేను.”

ఉత్తరానికి తిరిగి వివరించాను. లఘు సప్తర్షి మండలంలో ముఖ్యమైన చుక్కలు ఏడు, వాటిలో నాలుగు బాగా మసక. పైన కనిపించే రెండు చుక్కల పేర్లు కోచాబ్, ఫెర్కాడ్. వాటి కింద, నేల అంచుకు పదమూడు డిగ్రీల ఎత్తులో, ఆ మండలం తోక చివర ఉండాల్సింది ధ్రువుడు. అక్కడ దుమ్ము తెర తప్ప ఏమీ కనిపించలేదు.

“నీకు కనపడతా ఉండాడా?”

ఆయన ఆశ చూసి అవుననబోయాను.

“లేదు స్వామీ. ఉన్నది అక్కడే, కానీ కనపడటం లేదు.”

ఆయన ఆ చోటుకేసి తానూ వేలు చాపి చూసుకున్నాడు.

“లేదని చెప్పిన మొదటోడివి నువ్వేనప్పా. బిడ్డకు ఆ చోటు చూపిస్తా. కనపడకుంటే కనపడలేదనే చెప్పమంటా.”

ఇప్పుడు పెళ్లిళ్లలో అందరూ ఆకాశం వైపు చూసేటప్పుడు, నేను పెళ్లికూతురు ఏం చెబుతుందోనని వింటుంటాను.