పారకు గృహప్రవేశం

తాడేపల్లిగూడెంలో మా ఇంటి పెరట్లో నేను బెండ, వంగ మొక్కలు వేశాను. వాటికోసం కొన్న పార, గునపం మెట్ల కింద పడి అందరి కాళ్లకూ తగులుతుండేవి. సరేనని పెరటి మూల చిన్న రేకుల షెడ్డు వేయించాను.

"పాలు పొంగించకుండా సామాను ఎలా పెడతామండీ?" అంది మా ఆవిడ.

"అందులో కాపురం ఉండేది పారా గునపమే కదా!" అని అరిచాను. ఆవిడ అప్పటికే పంతులుగారికి ఫోన్ చేస్తోంది.

చుట్టాలందరినీ పిలిచింది. భోజనాలకు షామియానా వేయడానికి చోటు చాలక నా మొక్కలన్నీ పీకించింది. రాటలు పాతడానికి గునపం కూడా నన్నే అడిగారు. తెచ్చి ఇచ్చాను.

వచ్చినవాళ్లు వరసబెట్టి గోడ గడియారాలు చదివించారు. ఇంట్లో గోడలు చాలక అవన్నీ షెడ్డులోకి వెళ్లాయి. పార, గునపం మళ్లీ మెట్ల కిందకే వచ్చాయి.

ఆకివీడు నుంచి వచ్చిన మా బావగారు చెయ్యి కడుక్కుంటూ పెరడంతా కలియజూశారు.

"షెడ్డు భేషుగ్గా ఉందండీ. ఇక తోట ఎప్పుడు మొదలెడతారండీ?"