పసుపు ముద్రతో వచ్చిన పేరు

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

తొంభైల చివర్లో, కరీంనగర్‌లోని మా విత్తనాల దుకాణానికి ఇంటర్నెట్‌లో డాట్ ఇన్‌తో ముగిసే పేరు కోసం దరఖాస్తు నింపాను. నిజామాబాద్‌లో అదే పేరుతో మరో దుకాణం ఉంది. ముందు అడిగినవాళ్లకే పేరు.

"దేవునికి చూపియ్యకుండనే పంపుతవురా?" అంది అవ్వ.

సరేనని ఇద్దరం కొండగట్టుకు పోయాం. కొండ మీద ఓ కోతి దరఖాస్తు లాక్కుపోయింది. అవ్వ అరటిపండు చూపి, "ఇయ్యి బిడ్డా, మా పేరు గా నిజామాబాదోళ్లు ఎత్తుకపోతరు" అని బతిమాలితే తిరిగిచ్చింది, పసుపు చేతి ముద్రతో. ఇంకో ఫారం లేదు, అలాగే పంపాను.

పేరు మాకే వచ్చింది! కంప్యూటర్ కూడా లేని దుకాణానికి ఆ చిరునామాతో బోర్డు రాయించి, బజారంతా లడ్డూలు పంచాం.

కోతి మాత్రం నా కల్పన. ఆ పసుపు చేయి అవ్వది. కొత్తింటి గోడకు వేసినట్టే దరఖాస్తుకూ వేసింది.